మూతబడిన బడిలో మెట్ల గది: గగుర్పాటు కలిగించే దృశ్యానికి కాన్సెప్ట్ ఆర్ట్ ఎలా అభివృద్ధి చేయాలి?

ప్రశ్న: చిత్తుప్రతి

అందరికీ నమస్కారం. ఒక చిన్న బృందం తయారుచేస్తున్న వీడియో గేమ్ కోసం నేను పరిసరాల కాన్సెప్ట్ ఆర్ట్ (ఆట తయారయ్యేముందు అందులోని చోట్లు ఎలా ఉండాలో చూపే చిత్రాలు) వేస్తున్నాను. ఎన్నో ఏళ్ల క్రితం మూతబడిన ఒక పాఠశాల, అందులో నాలుగు అంతస్తులకూ దారి అయిన ఒకే ఒక మెట్ల గది. కథలో సగానికి పైగా అక్కడే నడుస్తుంది. ఆటగాడు రాత్రిపూట కింది నుండి పైకి ఎక్కుతాడు. దారిలో దెయ్యం ఎదురుపడదు, శవం కనిపించదు, ఎవరూ వెంటపడరు. అయినా ఆ మెట్ల మీద నిలబడి ఉండటానికి అతనికి మనసొప్పకూడదని, వెనుదిరిగి కిందికి చూడాలంటే జంకు పుట్టాలని దర్శకుడు కోరుతున్నారు.

ఇప్పటి చిత్రంలో ముదురు నీలం చీకటి, మెట్ల మీదుగా పాకుతున్న పొగమంచు, పై అంతస్తులో వెలుగుతున్న ఎర్రటి అత్యవసర దీపం, పెచ్చులూడిన గోడలు, విరిగిన బల్లలు, గోడ మీద అరచేతి ముద్రలు ఉన్నాయి. చూసినవారు బాగుందనే అన్నారు. అయితే ‘భయపెట్టాలని చూస్తోంది గానీ భయం వేయడం లేదు’ అన్న మాట కూడా ఆ వెంటనే వచ్చింది. పైగా నా మానిటర్ మీద మెట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నా, సహచరుల ఫోన్లలో చిత్రంలో చాలా భాగం నల్లగా ముద్దకట్టినట్టు కనిపిస్తోంది.

ఇటువంటి దృశ్యానికి ఆలోచన ఎక్కడ మొదలుపెట్టాలో, రంగుల దాకా పోకముందే థంబ్‌నెయిల్ (చిన్న తొలి చిత్తుబొమ్మ) దశలోనే గగుర్పాటు పుడుతోందో లేదో ఎలా తేల్చుకోవాలో, చీకటి చీకటిలాగే ఉంటూ అందులోని వస్తువులు కంటికి ఎలా ఆనాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. నేను క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తాను. అవసరమైతే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సాదా దిమ్మెలతో గదిని కట్టుకోగలను.

సమాధానం: బొగ్గుగీత

చిత్తుప్రతి గారూ, మీరు చెప్పిన వస్తువుల జాబితా చదువుతుంటేనే కారణం తెలిసిపోతోంది. పొగమంచు, ఎర్ర దీపం, అరచేతి ముద్రలు, విరిగిన బల్లలు అన్నీ ఒకే మాటను ఒకేసారి గట్టిగా చెబుతున్నాయి. ఇది భయపడవలసిన చోటు అని చూసేవారికి మొదటి క్షణంలోనే తెలిసిపోతే, వారికి ఇక వెతుక్కోవలసిన పని ఉండదు. వెతుకులాట లేనిచోట జంకు నిలవదు. భయానికీ గగుర్పాటుకూ తేడా ఇక్కడే ఉంది. భయానికి ఎదురుగా ఒక ముప్పు ఉండాలి. గగుర్పాటుకు, ముప్పు ఉందో లేదో తేలకపోవడమే ఆధారం.

కాబట్టి ముందుగా ఆ బడిని పగటిపూట, పిల్లలతో కిటకిటలాడుతున్న రోజుల్లో ఎలా ఉండేదో అలా వేయండి. ఇది కాలయాపన అనిపించవచ్చు, కానీ నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన దశ ఇదే. గంట ఎక్కడ వేలాడేది, ప్రకటనల బోర్డు ఏ మలుపులో ఉండేది, వాన కురిసిన రోజున తడి చెప్పులు ఎటు తిరిగేవి, గోడకు కింది సగం ఆయిల్ పెయింటూ పై సగం సున్నమూ వేశారా అన్నవి తేలితేనే, వాటిలో ఏది తప్పితే మనసు కలుక్కుమంటుందో మీకే తెలుస్తుంది. మామూలుతనం నమ్మించేలా లేని చోట అసహజం పుట్టదు.

ఆ తరువాత ఒకే ఒక్క విషయాన్ని మార్చండి. ఉదాహరణకు, పిల్లలు ఎక్కి దిగే మెట్ల గదిలో గోడ పొడుగునా ఒక జిడ్డు చార ఉంటుంది. వెళుతూ వెళుతూ అరచేతిని గోడకు రాసుకుంటూ పోవడం వల్ల, వారి భుజానికి కాస్త కిందుగా, నేల నుండి ముప్పావు మీటరు నుండి మీటరు ఎత్తులో పెయింటు ముదురు రంగుకు తిరిగి నున్నగా మెరుస్తుంది. మలుపు దగ్గర అది మరీ చిక్కబడుతుంది, ఎందుకంటే అక్కడ అందరూ గోడను పట్టుకునే తిరుగుతారు. ఈ చారను ఉన్నదున్నట్టు శ్రద్ధగా వేయండి. తరువాత పై అంతస్తులో అదే చారను, అదే అరుగుదలతో, రెండున్నర మీటర్ల ఎత్తున వేయండి. అది ఎవరి చేయి, ఎన్నేళ్లుగా ఆ దారిన తిరుగుతోంది అన్నదానికి చిత్రంలో ఎక్కడా జవాబు ఉండకూడదు. అరచేతి ముద్రలను మాత్రం తీసివేయండి. అవి ఎవరో ఒకసారి తాకిన సంగతిని చెబుతాయి, అరుగుదల మాత్రం ఎవరో రోజూ తాకుతున్నారని చెబుతుంది.

చిత్రకళలో దీనికి మంచి పాఠాలు ఉన్నాయి. డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్స్‌హోయ్ 1898 నుండి 1909 వరకు కోపెన్‌హేగన్‌లో స్ట్రాండ్‌గేడ్ వీధిలోని 30వ నంబరు ఇంట్లో ఉంటూ, ఆ గదులనే పదే పదే వేశాడు. బూడిద రంగు గోడలు, తలుపులు, వీపు చూపిస్తూ నిలబడిన ఒక స్త్రీ, అంతకుమించి ఏమీ ఉండదు. అయినా ఆ గదుల్లోకి అడుగుపెట్టాలంటే కాలు వెనక్కి లాగుతుంది. ఆర్నాల్డ్ బోక్లిన్ 1880లో వేసిన మృతుల ద్వీపం చిత్రం కూడా చూడండి. పోషకురాలి కోరిక మీద అతను పడవలో శవపేటికనూ, తెల్లని వస్త్రంలో నిటారుగా నిలబడిన ఆకారాన్నీ చేర్చాడు. ఆ చిన్న తెల్లని నిలువు గీత లేకపోతే ఆ ద్వీపం కేవలం రాళ్లూ చెట్లూ అయి ఉండేది. ఎక్కడ ఎంత కొంచెం చేరిస్తే చాలునో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

థంబ్‌నెయిల్ పరీక్ష గురించి అడిగారు. చిన్న బొమ్మను ఎవరికైనా చూపించి ‘భయం వేసిందా’ అని అడగకండి. అలా అడిగితే మర్యాదకైనా వేసిందనే అంటారు. ‘ఈ చోట మీరు ఎక్కడ నిలబడతారు, ఎటు చూస్తూ ఉంటారు’ అని అడగండి. గోడకు వీపు ఆనించి నిలబడతానని గానీ, ఫలానా తలుపు వైపే చూస్తూ ఉంటానని గానీ అంటే బొమ్మ పనిచేస్తున్నట్టే. ఎక్కడైనా ఫర్వాలేదంటే కంపోజిషన్ (చట్రంలో వస్తువుల అమరిక) మార్చండి.

సమాధానం: వెలుగునీడ

బొగ్గుగీత గారు ఆలోచన గురించి చెప్పారు కనుక నేను వెలుతురుకే పరిమితమవుతాను.

మొదటి ప్రశ్న: ఆ భవనంలో వెలుతురు ఎక్కడిది? బడి మూతబడి ఏళ్లయితే కరెంటు కోసివేసి ఉంటారు. అటువంటప్పుడు ఎర్ర దీపం వెలగడానికి వీల్లేదు. వెలుగుతోందంటే ఎవరో దాన్ని వెలిగిస్తున్నారని అర్థం, అది కథను మార్చేంత పెద్ద సంగతి. దర్శకుడు ఆ సంగతి చెప్పదలచుకోకపోతే దీపం తీసివేయాలి. ఎర్రరంగు గురించి మరొక ఇబ్బంది కూడా ఉంది. వెలుతురు బాగా తగ్గినప్పుడు మన కంట్లో రంగులను గుర్తించే కణాలు వెనక్కి తగ్గి, వెలుగునీడలను మాత్రమే పట్టుకునే కణాలు పని అందుకుంటాయి. దానితో కంటి చురుకుదనం 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చ నుండి 507 నానోమీటర్ల దగ్గరి నీలిపచ్చ వైపు జరుగుతుంది. పుర్కిన్యే ప్రభావం అని పిలిచే ఈ మార్పు వల్ల, పగలు సమానంగా ప్రకాశించే ఎర్ర తలుపు, నీలి తలుపులలో ఎర్రది రాత్రికి దాదాపు నల్లబడిపోతుంది, నీలిది బూడిద రంగులో కాస్త కనిపిస్తూనే ఉంటుంది. మీ మెట్ల గదిలో ఎర్ర తలుపులు ఉంటే వాటిని నల్లని ఖాళీలుగా వేయండి. తలుపు తెరిచి ఉందో మూసి ఉందో తెలియని స్థితి దానంతట అదే వస్తుంది.

నా సలహా ఏమిటంటే, వెలుతురును బయటి నుండి తీసుకురండి. మలుపు దగ్గరి కిటికీలో నుండి వీధి దీపం వెలుతురు పడనివ్వండి. తక్కువ పీడనపు సోడియం దీపాల వెలుతురు దాదాపు మొత్తం 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. ఆ వెలుతురులో ఏ రంగు వస్తువైనా పసుపుగానో, గోధుమగానో, నల్లగానో తప్ప మరోలా కనిపించదు. రక్తమైనా సిరా అయినా ఒకే మరకలా ఉంటుంది. రంగులన్నీ చచ్చిపోయిన ఆ పసుపు, వాడి వాడి అరిగిపోయిన నీలి చీకటి కంటే చాలా ఎక్కువగా కలవరపెడుతుంది. పైగా అది ఒకప్పుడు వీధుల్లో రోజూ చూసిన వెలుతురే కాబట్టి చూసేవారు దాన్ని అనుమానించరు.

చిన్న దీపం ఏదైనా గదిలోపల పెట్టవలసివస్తే దూరంతో వెలుతురు తగ్గే తీరును గౌరవించండి. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతు అవుతుంది, నాలుగు రెట్లయితే పదహారో వంతు. చాలామంది బొమ్మల్లో దీపం పక్కనున్న గోడకూ పది అడుగుల దూరంలోని గోడకూ దాదాపు ఒకే వెలుగు పడుతూ ఉంటుంది. అక్కడే చీకటి నాటకంలో చీకటిలా తేలిపోతుంది.

ఇక ఫోన్లలో నల్లబడటం. చీకటి అంటే నలుపు కాదు, పక్కనున్న వెలుగుతో పోల్చినప్పుడు కలిగే భావన. 18 శాతం వెలుతురును తిప్పికొట్టే మధ్యస్థ బూడిద రంగు, తెరలు సాధారణంగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో 0 నుండి 255 వరకు ఉండే కొలమానంలో 118 దగ్గర నిలుస్తుంది. మీ చిత్రంలో అధిక భాగాన్ని 25 నుండి 90 మధ్యలో ఉంచి, 15 కంటే కిందికి దిగే నలుపును రెండు మూడు సందులకే ఇచ్చి, 200 దాటే వెలుగును కిటికీ లాంటి ఒక్క చోటుకే కేటాయించి చూడండి. ఇవి చట్టాలు కావు, మొదలుపెట్టడానికి గీసుకున్న హద్దులు. పగటి వెలుతురులో ఫోను అద్దం మీద పడే ప్రతిబింబమే 15 లోపు తేడాలను మింగివేస్తుంది. కాబట్టి మెట్ల అంచులను ఆ అడుగు నలుపులో దాచి లాభం లేదు.

పనిచేసే పద్ధతి: మొదట నాలుగు బూడిద రంగులతోనే వేయండి. క్రిటాలో అన్నిటికన్నా పైన రంగులను తీసి బూడిద రంగులోనే చూపే డీసాచురేట్ ఫిల్టర్ లేయర్ పెట్టుకుంటే, రంగులు వేస్తున్నప్పుడు కూడా ఎప్పటికప్పుడు వాల్యూలు (వెలుగునీడల స్థాయులు) సరిచూసుకోవచ్చు. ఫైలును 16 బిట్లలో తెరవండి. ఒక రంగుకు 256 మెట్లే ఉన్న 8 బిట్ ఫైలులో, 20 నుండి 40 దాకా మెల్లగా మారే గోడ నీడకు దక్కేది ఇరవై మెట్లే. అందుకే అది పట్టీలు పట్టీలుగా చీలి కనిపిస్తుంది. చివరిలో సన్నని నాయిస్ (చెదురుమదురు చుక్కలు) కలిపి, ఆ తరువాతే 8 బిట్లకు మార్చితే ఆ పట్టీలు చెదిరిపోతాయి.

పొగమంచు గురించి ఒక్క మాట. అది దూరం పెరిగేకొద్దీ సమంగా కాకుండా రెట్ల లెక్కన తేడాలను చెరుపుతుంది. పది మీటర్లకు సగం పోతే ఇరవై మీటర్లకు నాలుగో వంతు, ముప్పైకి ఎనిమిదో వంతే మిగులుతుంది. అది ఆరుబయట అందంగా ఉంటుంది. ఆరేడు మీటర్ల మెట్ల గదిలో పొగమంచుకు కారణమే లేదు. కిటికీ వెలుతురు పడిన చోట మాత్రం తేలే దుమ్ము వేయండి, అది చాలు.

సమాధానం: మూడో_అంతస్తు

వెలుగునీడ గారి మాటలన్నీ నాకు సమ్మతమే. బొగ్గుగీత గారితో మాత్రం కొంత విభేదిస్తాను. గోడ మీది చార మంచి ఊహే, అయితే అది చూసి అర్థం చేసుకోవలసిన విషయం. ఆటగాడు పరుగెత్తి ఎక్కితే కంటపడకుండానే పోవచ్చు. మెట్ల గదిలో ఒంటికి నేరుగా తగిలేది నిర్మాణం. నేను భవనాల త్రీడీ నమూనాలు చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ పక్షపాతాన్ని మన్నించాలి.

మామూలు మెట్టు ఎత్తు 15 నుండి 18 సెంటీమీటర్లు, అడుగు పెట్టే వెడల్పు 28 నుండి 30. రెండు మూడు మెట్లు ఎక్కగానే కాలు ఆ కొలతను నేర్చుకుంటుంది, ఆపైన కన్ను చూడదు. అందుకే ఒకే వరుసలోని మెట్ల మధ్య తేడాకు భవన నియమాలు గట్టి హద్దు పెడతాయి. అమెరికాలో విస్తారంగా పాటించే నమూనా నియమావళిలో ఆ హద్దు 9.5 మిల్లీమీటర్లు. అంటే సెంటీమీటరు తేడాకే మనిషి తూలతాడన్నమాట. మీ బొమ్మలో కింది వరుసకు 16 సెంటీమీటర్ల మెట్లు వేసి, అంతస్తు మారేకొద్దీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, పై వరుసకు 20 దాటించండి. రెయిలింగు ఎత్తు మాత్రం మార్చకండి. ఏది మారిందో చూసేవారు చెప్పలేరు, పై వరుస నిట్టనిలువుగా మీదికి వస్తున్నట్టు మాత్రం తోస్తుంది. ఇది మెట్లను చిందరవందర చేయడం కంటే ఎంతో మెరుగు.

ఇందులో పెద్ద గురువు ఇటలీ చిత్రకారుడు పిరనేసి. ఊహాజనితమైన చెరసాలల ముద్రణ చిత్రాలను అతను 1750 ప్రాంతంలో 14 పలకలుగా తెచ్చి, 1761లో వాటిని మళ్లీ చెక్కి, మరింత చీకటి, మరిన్ని మెట్లు, వంతెనలు కలిపి 16 పలకలుగా విడుదల చేశాడు. ఒక మెట్ల వరుస ఏ వంతెన వెనుకకు పోతోందో వేలితో అనుసరించి చూడండి. చాలా చోట్ల దారి కుదరదు. కానీ ప్రతి రాయి, ప్రతి కమాను, ప్రతి గొలుసు దాని వరకు అది నిక్కచ్చిగా ఉంటుంది. భాగాలన్నీ సరిగ్గా ఉండి మొత్తం మాత్రం పొసగకపోవడం మీ దృశ్యానికి సరిపోయే సూత్రం.

కెమెరా సంగతి. నిలబడిన పెద్దమనిషి కంటి ఎత్తు సుమారు 1.6 మీటర్లు. క్షితిజ రేఖను 1.1 మీటర్లకు దించితే చూసేవారు తమకు తెలియకుండానే పిల్లవాడి ఎత్తులోకి వస్తారు, తలుపు పిడి ముఖానికి దగ్గరవుతుంది. బడి కాబట్టి అది కథకు కూడా నప్పుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కొలతలో 24 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా 74 డిగ్రీల దాకా చూపించి అంచులను సాగదీస్తుంది, మీ ఎర్ర దీపంలాగే అది కూడా ముందుగానే అరిచి చెబుతుంది. 50 మిల్లీమీటర్లతో 40 డిగ్రీలే కనిపిస్తుంది, చట్రం ప్రశాంతంగా ఉంటుంది, చట్రం బయట ఏముందో అన్న అనుమానం పెరుగుతుంది. నిలువు గీతలను నిలువుగానే ఉంచండి. కెమెరాను ఒక పక్కకు ఒరగవేయడం వల్ల వచ్చే కలవరం చౌకబారుది, నాకైతే ఎప్పుడూ నచ్చలేదు.

బ్లెండర్‌లో దిమ్మెలతో కట్టి, ఇటువంటి కోణాలను వరుసగా రెండర్ చేసి (బొమ్మలుగా తీసి), వాటి మీదే క్రిటాలో థంబ్‌నెయిల్స్ గీయండి. 2023లో వచ్చిన 4.0 వెర్షన్ నుండి బ్లెండర్ మనం ఏమీ మార్చకపోతే ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌తో (లెక్కించిన వెలుతురును తెర మీది రంగులుగా మార్చే పద్ధతితో) తెరుచుకుంటుంది. పీఎన్‌జీగా దాచుకుంటే ఆ మార్పు చిత్రంలో కలిసిపోతుంది, ఈఎక్స్‌ఆర్‌గా దాచుకుంటే కలవదు. ఏది తెచ్చారో గుర్తుంచుకోకపోతే, పైన చెప్పిన 25, 90 అంకెలు మీకు వేరేలా కనిపించి తికమకపడతారు.

చిత్తుప్రతి

అందరికీ కృతజ్ఞతలు. పొగమంచు, ఎర్ర దీపం, అరచేతి ముద్రలు, విరిగిన బల్లలు అన్నీ తీసివేసి, పగటి బడిని వేసి, దాని మీద రాత్రిని దించాను. కిటికీ నుండి సోడియం వెలుతురు, 1.1 మీటర్ల ఎత్తున కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు తీసుకున్నాను. గదిలో దాదాపు ఏమీ లేకపోయినా దర్శకుడు ఈ థంబ్‌నెయిల్ దగ్గరే ఆగి, కింది అంతస్తు వైపు చూపించే కోణం కూడా కావాలన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. గోడ మీది పై చారను చాలామంది గమనించడం లేదు. దాన్ని ఇంకాస్త ముదురుగా వేయాలా? మెట్ల ఎత్తు మార్పూ, చార రెండూ ఉంటే, బొగ్గుగీత గారు చెప్పిన ‘ఒకే ఒక్క మార్పు’ అన్న నియమానికి అది విరుద్ధమవుతుందా?

సమాధానం: బొగ్గుగీత

ముదురు చేయకండి. ముదురు చేస్తే అది మరక అవుతుంది, అరుగుదల అనిపించదు. ఆయిల్ పెయింటు మీద చేతి జిడ్డుతో ఏర్పడిన నునుపు, ఎదురుగా చూస్తే అంతగా కనిపించదు. వెలుతురు గోడను ఏటవాలుగా రాసుకుంటూ వెళ్లినప్పుడు మాత్రం చుట్టూ ఉన్న గరుకు గోడ మీద తడి గీతలా మెరుస్తుంది. కాబట్టి చార రంగు మార్చే బదులు, కిటికీని దానికి పక్కవాటుగా జరపండి. ఎక్కేటప్పుడు కనిపించక, ఆగి వెనుదిరిగినప్పుడే మెరిసేలా పెడితే, దర్శకుడు అడిగిన కిందికి చూసే కోణానికి అసలైన పని దొరుకుతుంది.

అంతకంటే ముఖ్యం, చూసేవారికి చార అంటే ఏమిటో ముందుగా నేర్పాలి. మొదటి అంతస్తులోనూ రెండో అంతస్తులోనూ అది పిల్లల చేతి ఎత్తులోనే, ఏ అనుమానానికీ తావులేకుండా ఉండనివ్వండి. మూడో అంతస్తులో పెద్దల భుజం ఎత్తుకు పోనివ్వండి. అక్కడికి ఎవరూ ఏమీ అనుకోరు. నాలుగో అంతస్తులో పైకప్పుకు జానెడు కిందుగా, మలుపు దగ్గర అదే చిక్కదనంతో తిప్పండి. ఒక్క చిత్రంతో ఇది చెప్పలేం, కాబట్టి నాలుగు అంతస్తులనూ ఒకే కోణంలో చూపే నాలుగు చిన్న చట్రాల వరుసగా ఆలోచన ముందుంచండి. పరుగెత్తే ఆటగాడికి కనబడకపోవచ్చునన్న మూడో_అంతస్తు గారి అభ్యంతరానికి కూడా ఇందులో కొంత జవాబు ఉంది: ఒక అంతస్తులో కాకపోతే మరో అంతస్తులో కంటపడుతుంది, పడ్డాక మిగతావాటిని వెతుకుతారు.

రెండో సందేహానికి: మెట్ల ఎత్తు మారినా, చార ఎత్తు మారినా రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి, పైకి వెళ్లేకొద్దీ ఈ భవనం మనిషి కొలతకు కట్టినట్టు లేదు. ఒకే ఆలోచనకు రెండు సాక్ష్యాలు ఉండవచ్చు. దానితో సంబంధం లేని మూడోదాన్ని, ఉదాహరణకు తనంతట తాను ఊగే గంటను, చేర్చితేనే చెడుతుంది.

సమాధానం: మూడో_అంతస్తు

నాలుగు చట్రాల వరుసకు నా పూర్తి సమ్మతి. ఒక హెచ్చరిక మాత్రం: మెట్ల ఎత్తు మార్చేముందు లెవెల్ డిజైనర్‌తో (ఆటలోని చోట్లను, నడిచే దారులను అమర్చేవారితో) తప్పక మాట్లాడండి. గేమ్ ఇంజన్‌లో (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పాత్ర ఎంత ఎత్తు మెట్టు దాకా ఎక్కగలదో ఒక హద్దు పెట్టి ఉంటుంది. చాలా ఆటల్లో కంటికి మెట్లు కనిపించినా, పాత్ర నిజానికి నడిచేది వాటి మీద పరిచిన కనబడని ఏటవాలు పలక మీదే. అటువంటప్పుడు మీ మార్పు చూపులోనే ఉంటుంది, నడకలో తెలియదు. నడకలో కూడా తెలియాలంటే కెమెరా పైకి లేచే వేగాన్ని వారు మార్చాలి.

సమాధానం: పనిబల్ల

చర్చ ఆలస్యంగా చూశాను. కాన్సెప్ట్ ఆర్ట్ అందుకుని త్రీడీ చేసే వైపున పనిచేస్తాను కాబట్టి, అప్పగింత గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇటువంటి దృశ్యాలు అక్కడే చెడిపోతాయి.

మీరు ఎంతో ఆలోచించి పెట్టిన తేడాను మేము పొరపాటు అనుకుని సరిదిద్దుతాం. మెట్ల ఎత్తులు ఒకలా లేవని ఎవరో ఒకరు అన్నిటినీ 17 సెంటీమీటర్లకు సమం చేస్తారు, గోడ మీది చార ఎత్తు తప్పిందని కిందికి దించుతారు. ఎవరి తప్పూ కాదు, చక్కగా పనిచేసేవారు చేసే పనే అది. అందువల్ల ప్రధాన చిత్రంతో పాటు, మెట్ల గదిని పక్కనుండి నిలువుగా కోసి చూపే ఒక సాదా గీత చిత్రం ఇవ్వండి. అందులో ప్రతి వరుస మెట్టు ఎత్తు, చార ఎత్తు సెంటీమీటర్లలో రాసి, కావాలని పెట్టిన కొలతలను వేరే రంగుతో చుట్టి, ‘సరిదిద్దవద్దు’ అని రాయండి. పక్కన 1.7 మీటర్ల మనిషి నీడబొమ్మనూ, 1.2 మీటర్ల పిల్లవాడి నీడబొమ్మనూ నిలబెట్టండి. అంకెలు చదవనివారు కూడా వాటిని చూస్తారు.

వెలుతురుకు విడిగా ఒక పుట ఉండాలి. దీపం ఎక్కడుంది, ఏ ఎత్తున ఉంది, కిటికీ వెలుతురు ఏ మెట్టు దాకా చేరుతుంది, ఏ భాగం పూర్తిగా నల్లబడటానికి అనుమతి ఉంది అన్నవి పైనుండి చూసే పటంలో బాణాలతో చూపితే చాలు. అందమైన పెయింటింగ్ ఒక్కటే చేతికిస్తే, లైటింగ్ చేసేవారు అందులోని ప్రతి మెరుపునూ నిజం చేయాలని ఆరేడు దీపాలు పెట్టుకుంటూ పోతారు, చివరికి గది పెళ్లి పందిరిలా వెలిగిపోతుంది.

చార గురించి: పదే పదే పరుచుకునే గోడ టెక్స్చర్‌లో (గోడకు అతికే ఉపరితల బొమ్మలో) దాన్ని కలపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలా చేస్తే మలుపు దగ్గరి చిక్కదనం అన్ని చోట్లా ఒకేలా వస్తుంది, ఎత్తు మార్చే వీలు పోతుంది. విడి డెకల్‌గా (గోడ మీద విడిగా అతికించే బొమ్మగా), రంగును దాదాపు తాకకుండా గరుకుతనాన్ని మాత్రమే తగ్గించేలా చేయించండి. అప్పుడే బొగ్గుగీత గారు చెప్పిన ఏటవాలు మెరుపు ఇంజన్‌లో నిజంగా వస్తుంది. దానికోసం మీరు ఇవ్వవలసింది ఒక దగ్గరి చిత్రం: అరచేయి అంత గోడ ముక్క, సగం గరుకు, సగం నునుపు, రెండింటి మధ్య అంచు ఎలా కరిగిపోతుందో కనిపించేలా. ఆ అంచు కచ్చితంగా ఉంటే స్టిక్కరు అంటించినట్టు ఉంటుంది, కాబట్టి నాలుగు వేళ్ల వెడల్పున మెల్లగా మాయమయ్యేలా వేయండి.